తగలబెట్టుకోవడానికి ఓ అడవి

మనిషన్నవాడికి తగలబెట్టుకోవడానికి సొంతంగా ఒక అడవి ఉండాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం.

కూడు, గుడ్డ, నీడ అని మూడు చెప్పి ఊరుకున్నారు మన పెద్దలు. నాలుగోది చెప్పడం మరిచిపోయారు. వాళ్ళను మాత్రం ఏమని తప్పు పడతాం? పాపం, వాళ్ళ కాలంలో వీడియో గేములు లేవు.

కంగారు పడకండి. అగ్గిపెట్టె జేబులో వేసుకుని ఏ కొండ మీదికో బయల్దేరమని నేను చెప్పడం లేదు. నేను మాట్లాడుతున్నది ఓపెన్ వరల్డ్ ఫాంటసీ గేముల గురించి. తెర మీద ఒక పెద్ద లోకం ఉంటుంది. అందులో కొండలు, కోనలు, కోటలు, మంత్రగాళ్ళు, రెక్కల గుర్రాలు. మీరొక వీరుడు. ఎటు పోతారో మీ ఇష్టం, ఎవరిని నరుకుతారో మీ ఇష్టం. 'ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నారు?' అని అడిగే మనిషి ఆ లోకం మొత్తంలో ఒక్కరు కూడా ఉండరు. డబ్బు పోసి కొనుక్కోవడానికి ఆ ఒక్క కారణం చాలదూ?

ఈ ఆటలు తయారుచేసే మేధావుల మధ్య ఇప్పుడొక పెద్ద చర్చ నడుస్తోంది. ఆడేవాణ్ణి ఆ లోకాన్ని ఎంతవరకు ధ్వంసం చేయనివ్వాలి? చెట్లు కూల్చనివ్వాలా? వంతెనలు విరగ్గొట్టనివ్వాలా? కొండల్ని పిండి చేయనివ్వాలా?

ఇదీ ఒక ప్రశ్నేనా! అన్నీ చేయనివ్వాలి!

పాత ఆటలు ఎప్పుడైనా చూశారా? అందులో వీరుడి చేతిలో పిడుగులు కురిపించే కత్తి ఉంటుంది. దాంతో ఏడు తలల సర్పాన్ని ముక్కలు ముక్కలు చేస్తాడు. చేసి, అదే కత్తితో దారి పక్కనున్న పూలకుండీని కొడితే టంగుమంటుంది. కుండీ చెక్కుచెదరదు! మోకాలెత్తు కంచె అడ్డమొస్తే దాన్ని దాటలేడు. చుట్టూ తిరిగి రావాలి. లోకాన్ని ఉద్ధరించడానికి వచ్చినవాడికి ఒక కంచె దగ్గర ఇంత పరాభవమా?

ఇప్పటి ఆటలు అలా కావు. అన్నీ విరుగుతాయి, కాలతాయి, కూలతాయి, మునుగుతాయి. దీనివల్ల సమాజానికి ఎంత మేలు జరుగుతోందో మీరు ఆలోచించారా?

మా దంతవైద్యుణ్ణి తీసుకోండి. రోజంతా జనం నోళ్ళు తెరిపించి, మృదువుగా మాట్లాడి మాట్లాడి అలిసిపోయిన మనిషి. సాయంత్రం ఇంటికి పోయి ఒక కోట బురుజుల్ని వరసగా ఊడగొట్టుకుంటాడు. మత్తుమందు కూడా ఇవ్వడు. మర్నాడు పొద్దున క్లినిక్కులో ఆయన చెయ్యి వెన్నలా ఆడుతుంది. మా మేడ మీద అద్దెకుంటున్న కొత్త దంపతులకు గొడవ వచ్చిందంటే చెరో మంచుకొండ కరిగించుకుంటారు. వాళ్ళింట్లో ఇంతవరకు ఒక్క గిన్నె కింద పడిన శబ్దం వినలేదు. పక్కింటి లెక్కల మాస్టారు ఒక్క దెబ్బకు ఎక్కువ చెట్లు కూలాలంటే ఏ కోణంలో కొట్టాలో సూత్రం కనిపెట్టాడు. ఇన్నేళ్ళూ పిల్లల్ని ఆకట్టుకోలేకపోయిన ఆయన పాఠం ఇప్పుడు క్లాసు మొత్తం నోరు తెరుచుకుని వింటోందట.

ఇక నా సంగతి.

బంధువర్గంలో నాకు నోట్లో నాలుక లేనివాడని పేరు. ఈ కాలమ్‌లో రాసేటప్పుడు మాత్రం పెద్ద పెద్దవాళ్ళు గడగడలాడాలన్నట్టు రాస్తాను. బయట బస్సులో ఎవరైనా నా కాలు తొక్కితే సారీ చెప్పేది నేనే. కూరగాయలవాడు పుచ్చు వంకాయలు వేస్తుంటే, అతని మనసు నొచ్చుకుంటుందేమోనని నేను పక్కకు చూస్తాను. "'సరేనండీ' అనే మాటకి కళ్ళజోడు పెడితే అచ్చం మీరే" అంటుంది మా ఆవిడ. సరేలే అన్నాను.

ఇలాంటివాడికి అడవి అవసరం ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

మా అక్క కూతురు అలాంటి ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. ఒకరోజు ఫోన్ చేసి, "మామయ్యా, నీకు గేములు అస్సలు రావు కదా?" అంది.

"రావమ్మా."

"అదే కావాలి మాకు. మా వాళ్ళంతా ఆడీ ఆడీ ఆరితేరిపోయారు. ఏమీ తెలియని మామూలు మనిషి చేత ఒకసారి ఆడించి చూడాలి. వస్తావా?"

ఏమీ తెలియని మామూలు మనిషి కోసం వెతకగానే ఇంత పెద్ద కుటుంబంలో మొట్టమొదట నేను గుర్తొచ్చినందుకు ఛాతీ ఉప్పొంగింది. వెంటనే బయల్దేరాను.

ఆ ఆఫీసును మీరు చూడాలి. పట్టపగలే కర్టెన్లన్నీ వేసి ఉన్న పెద్ద హాలు. చక్రాల కుర్చీల్లో కూర్చుని అందరూ అడవులు, నదులు, మేఘాలు తయారుచేస్తున్నారు. ప్రతి బల్ల మీదా ఒక ప్లాస్టిక్ మొక్క. ఒకమ్మాయి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండుటాకు నేల మీద ఎలా వాలుతుందో చూస్తూ ఉంటుంది. అద్దాల గదిలో ఒకాయన మైకు ముందు కూర్చుని క్యారెట్లు విరుస్తున్నాడు. మహావృక్షాలు విరిగే శబ్దం అలాగే పుడుతుందట. విరిచినవి వృథా పోకుండా ఆయనే తింటున్నాడు.

వీళ్ళందరి మీదా ఒక పెద్దాయన. అసలు పేరేమిటో గానీ అందరూ స్మూత్ సార్ అంటారు. 'అంతా స్మూత్‌గా ఉండాలి' అనేది ఆయన మొదటి మాటా, చివరి మాటా. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. నవ్వే మనిషి దగ్గర నేను ఇంకా బలహీనుణ్ణి అయిపోతాను.

ఆటలోని ఒక లోయ పూర్తిగా మా మేనకోడలిది. ఒక కొండ, దాని మీద అడవి, కింద వాగు, వాగు ఒడ్డున చిన్న ఊరు. ఊళ్ళో పిండిమర నడిపేవాడు, గొర్రెల కాపరి, సత్రం నడిపే ఆవిడ, ఇంకా పదిమంది జనం. మూడేళ్ళుగా అదే పని తనకి. ఏది ఎలా చేసిందో నాకు మాత్రం చెప్పలేదు. ఆడి చూసేవాడికి ముందే చెప్పకూడదట. "నీకిష్టమొచ్చినట్టు ఆడుకో మామయ్యా. ఎక్కడైనా ఏదైనా పాడైనట్టు కనిపిస్తే రాసి పంపు" అని, ఆట పెట్టిన కంప్యూటరునే మా ఇంటికి పంపించింది.

కోతికి కొబ్బరికాయ దొరికింది.

మొదటి చెట్టు ఫెళ్ళుమని కూలినప్పుడు నా ఒంట్లో ఏదో సర్దుకున్నట్టయింది. ఎన్నాళ్ళుగానో వేధిస్తున్న నడుంనొప్పి తగ్గింది! ఆ తర్వాత అడవికి నిప్పు పెట్టాను. మంటలు కొండెక్కుతుంటే, బస్సులో నా కాలు తొక్కినవాళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు. వంతెన విరగ్గొట్టాను. తేనెపట్టు రాల్చాను. కొండను తవ్వాను. ఎలుక కూడా దొరకలేదు. అయినా తవ్వడంలో ఉన్న ఆనందం దొరికినదాంట్లో ఉంటుందా? అలిసిపోయినప్పుడు సత్రానికి పోతే ఆవిడ రొట్టె, వేడి వేడి సూప్ పెట్టేది. తినగానే బలం వచ్చేది. మళ్ళీ కొండకు పోయేవాణ్ణి. ఇంతకంటే ఆరోగ్యకరమైన జీవితం ఏముంటుంది చెప్పండి?

అయితే కొన్నాళ్ళకే ఆటలో లోపాలు బయటపడ్డాయి. బాధ్యత గల పౌరుడిగా వాటిని ఎప్పటికప్పుడు రాసి పంపాను.

కొండ పక్కన వాగు ఉండాలి, కనిపించడం లేదు, నీళ్ళు లోడ్ అవడం లేదు కాబోలు, చూడగలరు అని రాశాను. పిండిమర తిరగడం లేదు, మోటారు కాలిందేమో అని రాశాను. స్పీకర్లో పిట్టల కూతలు పోయాయి, వైరు వదులై ఉంటుంది అని రాశాను. వాన పడితే కొండ జారి నా రెక్కల గుర్రం మీద పడింది, ఇంత నాసిరకం కొండలు పెట్టడం మీలాంటి కంపెనీకి తగదు అని కొంచెం గట్టిగానే రాశాను. ఊళ్ళో జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఎటో పోతున్నారు, వాళ్ళను ఆపడానికి ఏ మీట నొక్కాలి అని అడిగాను.

అన్నిటికన్నా పెద్ద లోపం సత్రం ఆవిడ. ఒకరోజు ఆకలేసి సత్రానికి పోతే గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, వాసాలకే నిప్పు పెట్టేవాణ్ణి నిన్నే చూస్తున్నా!" అని ధడాలున తలుపేసింది. ఎన్నిసార్లు కొట్టినా తీయలేదు. నేను వీరుణ్ణని చెప్పినా తీయలేదు. 'ఈ పాత్ర పూర్తిగా పాడైంది, మార్చవలెను' అని రాసి పంపాను.

మర్నాడే మా మేనకోడలు ఇంటికొచ్చింది.

"మామయ్యా, నువ్వు పంపినవాటిలో ఒక్కటి కూడా లోపం కాదు. అన్నీ సరిగ్గానే పనిచేస్తున్నాయి" అంది.

"వాగు లేకపోవడం సరిగ్గా పనిచేయడమా?"

"అడవి పోతే వాగు ఎండిపోతుంది. వాగు ఎండితే మర ఆగుతుంది. మర ఆగితే రొట్టెలుండవు. రొట్టెల్లేకపోతే ఊరు ఖాళీ అవుతుంది. ఆవిడకి కోపం వస్తుంది. ఇదంతా మూడేళ్ళు కూర్చుని చేశాను మామయ్యా."

"అడవి తగలబెట్టింది నేను కదమ్మా. మధ్యలో వాగుకేమొచ్చింది?" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. నేనేమీ హాస్యమాడలేదు.

పాఠకులారా, మీరే న్యాయం చెప్పండి. ధ్వంసం చేయడం ఆడేవాడి హక్కు. దాని తర్వాత ఏమవుతుందన్నది అనవసరమైన న్యూసెన్స్. భోజనం చేసినవాడి చేత విస్తరి ఎత్తిస్తామా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఒప్పుకుంటాను. కానీ డబ్బులిచ్చి ఆట కొనుక్కున్నది పిల్లి కదా!

స్మూత్ సార్ కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు. మీటింగు పెట్టి నన్ను కూడా పిలిచాడు. నేను పంపిన ఫిర్యాదులన్నీ తెర మీద పెద్ద అక్షరాలతో చూపిస్తూ, "మామూలు ప్లేయర్ ఏమంటున్నాడో చూడండి. ఇదీ జనం గొంతు!" అన్నాడు. జనం గొంతు అన్నప్పుడు అందరూ నావైపు చూశారు. టై సర్దుకుందామనుకున్నాను, వేసుకోలేదు.

అక్కడికక్కడే తేల్చేశారు. ధ్వంసం నూటికి నూరు శాతం. పర్యవసానం సున్నా. అడవి ఉన్నా లేకున్నా వాగు పారుతుంది. వాగు ఉన్నా లేకున్నా మర తిరుగుతుంది. ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ పోరు.

మా మేనకోడలు లేచి నిలబడింది. "వాగు సంగతి మీ ఇష్టం సార్. పిట్టల్ని కూడా తీసేయండి. సత్రం ఆవిణ్ణి మాత్రం అలాగే ఉంచండి. అంత లోయలో ఒక్క మనిషికైనా కోపం రానివ్వండి" అంది.

"ఆవిడతోనేనమ్మా అసలు సమస్య" అన్నాడు స్మూత్ సార్ నవ్వుతూ. "ఆవిడ తలుపేస్తే ప్లేయర్ ఫీలవుతున్నాడు. ఫీలైనవాడు ఆట ఆపేస్తాడు." నావైపు తిరిగాడు. "మీరే చెప్పండి సార్, ఉంచమంటారా, తీసేయమంటారా?"

మేనకోడలు నావంక చూసింది. నిజం చెప్పాలంటే, ఆవిడ తలుపేసిన రోజు నేను ఇంకేమీ తగలబెట్టలేదు. సత్రం మెట్టు మీద కాసేపు ఊరికే కూర్చుని, ఆట కట్టేసి, వెళ్ళి పడుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ స్మూత్ సార్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మీ ఇష్టం సార్. మీరెలా అంటే అలాగే" అన్నాను.

అలా సత్రం ఆవిడ కోపం పోయింది. నా మేనకోడలు మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు లాప్‌టాప్ పట్టుకుని వచ్చేసింది. ఆఫీసులో క్యారెట్ల చప్పుడుకి బుర్ర పనిచేయడం లేదంటూ మా భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఆ ఊరివాళ్ళందరికీ కొత్త మాటలు రాయాలట. ఆడేవాడు ఏం కూల్చినా, ఏం కాల్చినా వాళ్ళు నొచ్చుకోకూడదు. ఆప్యాయంగా మాట్లాడాలి. పైగా సహజంగా ఉండాలి! ఎన్ని రాసినా 'కృత్రిమంగా ఉంది' అని స్మూత్ సార్ తిప్పికొడుతున్నాడు. ఈసారి కూడా కుదరకపోతే లోయను ఇంకెవరి చేతుల్లోనో పెట్టేస్తానన్నాడు.

"ఇల్లు కూల్చినవాడితో నవ్వుతూ మాట్లాడే మనిషి ఎలా మాట్లాడతాడు మామయ్యా?" అంది, తల పట్టుకుని. "నాకు అస్సలు తట్టడం లేదు. అలాంటి మనిషిని నేనెక్కడా చూళ్ళేదు."

"అలాంటివాళ్ళు ఉండరులే అమ్మా" అని ఓదార్చాను.

సరిగ్గా అప్పుడే మా వీధిలోకి నేల తవ్వే మిషను వచ్చింది.

మా వీధిని వెడల్పు చేస్తున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇరుకుగా ఉంది కాబట్టి వెడల్పు చేస్తారు, అంతే కదా. పసుపుపచ్చ మిషను ముందు అటువైపు చెట్లన్నిటినీ ఒక్కొక్కటే పెకలించింది. క్యారెట్టు విరిగినట్టేమీ లేదు. నేల లోపల్నుంచి మూలిగినట్టు ఉంది. తర్వాత ఏదో పైపు పగిలి నీళ్ళు మేడ ఎత్తున చిమ్మాయి. ఆ తర్వాత దాని చెయ్యి ఇటు తిరిగి, మా గుమ్మం ముందున్న మెట్లను బిస్కెట్ తుంచినట్టు తుంచుకుపోయింది.

నేను గబగబా వెళ్ళి వీధి తలుపు తీశాను. కింద నేల లేదు. నడుమెత్తు లోతున మట్టి, అందులో హెల్మెట్ పెట్టుకున్న మేస్త్రీ.

"సారీ సార్, మెట్లు అడ్డొచ్చాయి" అన్నాడు నవ్వుతూ.

"పర్లేదు బాబూ!" అన్నాను. "మెట్లదేముంది, మళ్ళీ కట్టుకుంటాం. మీ పని మీరు కానివ్వండి. మా కోసమేగా ఇదంతా! పాపం ఎండలో ఉన్నారు, కాస్త మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళెక్కడివి? పైపు పగిలిందిగా!" అని లోపల్నుంచి మా ఆవిడ కేక.

ఫ్రిజ్‌లో ఒక సీసా మిగిలి ఉంది. మెట్లు లేవు కాబట్టి గడప మీద బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాచి అందించాను. అతను సగం తాగి, మిగతా సగంతో మొహం కడుక్కున్నాడు. సీసా తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ కూడా చెప్పాడు. సంస్కారవంతుడు.

మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నా వెనకే నిలబడి ఉంది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్ట కాల్చుకోడానికి నిప్పడిగాడట వెనకటికొకడు. వాడే నయం, అడిగి తీసుకున్నాడు. మీరు మీ ఇంటి నిప్పు మీరే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు!" అంది.

నేను చొక్కాకి అంటిన దుమ్ము దులుపుకుంటూ లోపలికి వచ్చేసరికి మా మేనకోడలు టకటకా టైపు చేస్తోంది. ఇన్ని రోజుల్లో తన వేళ్ళు అంత వేగంగా కదలడం అదే మొదటిసారి.

"మామయ్యా, ఇప్పుడు బయట ఏమన్నావో ఇంకొక్కసారి చెప్పు" అంది, నావైపు చూడకుండానే.

చెప్పాను. అడిగింది కదా అని ఇంకాస్త ఆప్యాయంగా చెప్పాను.

అది చదివి స్మూత్ సార్ ఎగిరి గంతేశాడట! 'ఇదీ మనిషి గొంతంటే! ఎంత సహజంగా ఉంది! ఎవరు రాశారు?' అని అడిగాడట. 'మా మామయ్యే' అని చెప్పిందట. మర్నాడు కారు పంపి నన్ను పిలిపించారు. క్యారెట్ల ఆయన తన సరంజామా పక్కకు జరుపుకుని మైకు ముందు నాకు చోటిచ్చాడు. నా గొంతుతోనే రికార్డు చేశారు. ఎన్నిసార్లు చెప్పించినా ఒక్కసారి కూడా తడబడలేదు. జీవితమంతా రిహార్సల్ చేసినవాణ్ణి మరి!

బయటికొస్తుంటే ఒక కాగితం పెట్టి సంతకం చేయమన్నారు. ఆ మాటలు, ఆ వరసలో, ఆ ధోరణిలో, ఇకపై కంపెనీ సొత్తు. నేను ఇంకెక్కడా వాడకూడదు. చదవకుండానే సంతకం చేశాను. పెన్ను అందించిన ఆయన నవ్వుతున్నాడు కదా.

ఆట పూర్తయింది. మొదటి కాపీ నాకే పంపించారు. మా ఆవిణ్ణి కూడా పిలిచాను, పనుందని రాలేదు. సరే, ఒక్కణ్ణే కూర్చుని అలవాటు ప్రకారం కొండకు నిప్పు పెట్టాను. ఈసారి ఆ మంట ఊళ్ళోకి కూడా తెచ్చాను. పిండిమర కూలింది. దుమ్ము సర్దుకున్నాక బూడిదలోంచి మర నడిపేవాడు లేచి నిలబడి, నావైపు తిరిగి నవ్వాడు.

"పర్లేదు బాబూ! మరదేముంది, మళ్ళీ కట్టుకుంటాం. మీ పని మీరు కానివ్వండి. మా కోసమేగా ఇదంతా! కాస్త మంచినీళ్ళు తాగుతారా?"

నా గొంతే! భలే గర్వంగా అనిపించింది. పక్కనే ఉన్న కాపరి గుడిసె కూడా కూల్చి విన్నాను. వాడూ అదే అన్నాడు. గొర్రెలు పోయినా అదే అన్నాడు. మూడో ఇంటికి వచ్చేసరికి గర్వం కొంచెం తగ్గింది. ఆరో ఇంటికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

చివరికి సత్రం దగ్గరికి వెళ్ళాను. ఆవిడైనా తిడుతుందని ఎక్కడో ఆశ. సత్రం లేదు, తలుపూ లేదు. కాలిన దూలాల మధ్య గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. ఎవరో ఆడమనిషి గొంతుతో నా మాటలే, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. 'తిట్టమ్మా' అన్నాను పైకే. మిగిలిన ఒక్క గోడా పడగొట్టాను. కొండను తెచ్చి నెత్తిన పడేశాను. రాళ్ళ కింద నుంచి కూడా మంచినీళ్ళు తాగుతారా అనే అడిగింది.

నాకు సిగ్గేసింది. ఆ నవ్వు చూడలేక ఆట కట్టేశాను. వెంటనే కంపెనీకి రాసి పంపాను. 'ఈ ఊళ్ళో ఎవరికీ కోపం రావడం లేదు. ఏదో పాడైంది. దయచేసి బాగుచేయగలరు.'

మేనకోడలు ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "ఏదీ పాడవలేదు మామయ్యా. అలాగే ఉండాలని మీటింగులో అనుకున్నాం కదా. నువ్వూ ఉన్నావు."

చూశారా! ఇంత అద్భుతమైన ఆటలో ఎవరో ఒకరు ఇలా మనసు పాడుచేసుకుంటారని తెలిసే, కంపెనీవారు ఫిర్యాదుల పెట్టె కింద ఒక నవ్వు మొహం బొమ్మ పెట్టారు. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

అంతలో బయట మళ్ళీ మిషను చప్పుడు వినిపిస్తే లేచి వెళ్ళాను.

ఈసారి వంటింటి వైపు వచ్చింది. అక్కడొక చెట్టుంది. వీధి మొత్తానికి మిగిలింది అదొక్కటే. మధ్యాహ్నం పని తెమిలాక మా ఆవిడ దాని కింద కుర్చీ వేసుకుని కాసేపు కళ్ళు మూసుకుంటుంది. మా ఇంట్లో ఆవిడకంటూ ఉన్న తీరిక అదొక్కటే. కుర్చీ ఇంకా అక్కడే ఉంది. మిషను చెయ్యి చెట్టు మీదికి లేచింది. కింద మేస్త్రీ నన్ను చూసి నవ్వి, అడక్కుండానే సీసా కోసం చెయ్యి చాచాడు.

నేను నోరు తెరిచాను. 'పర్లే...' దాకా వచ్చి ఠక్కున ఆగిపోయాను. సంతకం గుర్తొచ్చింది. ఆ మాటలిప్పుడు నావి కావు! అన్నానంటే కేసు పెడతారు. చట్టాన్ని గౌరవించే మనిషిని, ఏం చేయను?

ఇంకేదైనా మాట కోసం వెతికాను. ఇన్నేళ్ళ జీవితంలో అలాంటి సందర్భానికి నా దగ్గర ఇంకో మాట లేదు. మేస్త్రీ చెయ్యి అలాగే చాచి ఉంది. వంటింటి కిటికీ లోంచి మా ఆవిడ చూస్తోంది. మిషను పళ్ళు మొదటి కొమ్మను అందుకున్నాయి.

అప్పుడొచ్చింది. ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళూ, కడుపులోంచి ఒక్కసారిగా వచ్చేసింది. చాలా చిన్న వాక్యం. ఇక్కడ రాశాను కూడా. ఎడిటర్ గారు ఇంటిల్లిపాదీ చదువుకునే పత్రిక అని కొట్టేశారు. కాబట్టి మీ వీధికి మిషను వచ్చినప్పుడు ఆ వాక్యం మీరే సొంతంగా తయారుచేసుకోవాలి. నా పాత మాటలు మాత్రం వాడకండి. వాటి మీద హక్కులు కంపెనీవి.

మిషను ఆగింది. మేస్త్రీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, హెల్మెట్ తీసి, చెవి నావైపు పెట్టాడు.

"ఏమన్నారు సార్?" అన్నాడు. ఈసారి నవ్వడం లేదు.

మళ్ళీ అన్నాను.